మహాశ్వేతాదేవిని ఇన్నాళ్లకు చదివాను

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. ఇక్కడ మీరు రాసేవన్నీ నాలుగేళ్లుగా చదువుతున్నాను గానీ నా అంతట నేను ఏ చర్చా మొదలుపెట్టలేదు. ఈసారి రాయకుండా ఉండలేకపోయాను.

మా కోడలిది విజయనగరం. కాపురానికి వచ్చేటప్పుడు సారెతో పాటు ఒక అట్టపెట్టె నిండా పుస్తకాలు తెచ్చుకుంది. రెండేళ్లుగా ఆ పెట్టె అటక మీదే ఉంది. పోయిన నెల సున్నాలు వేయిస్తూ కిందికి దింపితే పైన బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి రాసిన 'ఒక తల్లి' అనే పుస్తకం కనబడింది. పేరు చూసి ఏదో సంసారం కథ అనుకున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక పట్టుకున్నది, దీపాలు పెట్టే వేళ దాటినా వదల్లేదు. ఆ రాత్రి మా ఇంట్లో చారూ అప్పడాలే.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. కలకత్తాలో ఒక ఉన్న ఇంటికి తెల్లవారకుండానే ఫోను వస్తుంది. కొడుకు శవాన్ని గుర్తుపట్టడానికి రమ్మని. నక్సల్బరీ రోజులు. శవాగారంలో ఆ అబ్బాయికి పేరు లేదు, 1084 అని నంబరు. తండ్రికి మాత్రం ఈ సంగతి పేపర్లో రాకుండా చూసుకోవాలన్నదే టెన్షన్. తల్లి సుజాత బ్యాంకు ఉద్యోగి. రెండేళ్ల తర్వాత, కొడుకు పుట్టినరోజునాడు, వాడు అసలు ఎవరో తెలుసుకోవడానికి బయలుదేరుతుంది. నా కొడుకు పుణేలో ఉంటాడు. రోజూ ఫోను చేస్తాడు. 'తిన్నావా, పడుకున్నావా' తప్ప వాడిని నేను ఏం అడిగానా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఈ రచయిత్రి ఎక్కడుంటారు, ఉత్తరం రాయవచ్చా అని కోడలిని అడిగాను. "2016 జులై 28న పోయారు అత్తయ్యా, 90 ఏళ్లకి" అంది. ఆ రోజు పేపర్లో ఫొటో చూసిన గుర్తు నాకుంది. కళ్లద్దాలు, నేత చీర, సరిగా దువ్వని తెల్లజుట్టు. చూసి పేజీ తిప్పేశాను. ఆమె బతికి ఉండి, రాస్తూ, మంత్రుల్ని మొహం మీద నిలదీస్తున్న రోజుల్లో నేనూ ఉన్నాను. ఆ సంగతి మింగుడు పడడం లేదు.

తర్వాత ఏం చదవాలో చెప్పండి. తెలుగులో దొరికేవి అయితే మేలు.

గుణుపురం మాస్టారు

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. జ్ఞానపీఠ గ్రహీతల పట్టికలో 1996 ఎదురుగా ఆమె పేరు ఎన్ని తరగతుల చేత బట్టీ పట్టించానో లెక్కలేదు. ఆమె పుస్తకం ఒక్కటీ చదవకుండానే. రిటైరయ్యాక గానీ చదవలేదు. అంచేత మీ బాధ నాకు తెలుసు.

తర్వాతది 'ఎవరిదీ అడవి?' చదవండి. బెంగాలీలో 1977లో వచ్చింది, 1979లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిపెట్టింది. బిర్సా ముండా కథ. 1899–1900లో రాంచీ అడవుల్లో లేచిన తిరుగుబాటు, 1900 జూన్ 9న పాతికేళ్లైనా నిండకుండా బిర్సా రాంచీ జైల్లో చనిపోవడం. చరిత్ర పుస్తకంలో అది రెండు పంక్తులు. ఈమె ఆ కొండల్లో తిరిగి, వాళ్ల పాటలు విని రాసింది.

ఆమె మొదటి పుస్తకం నాటి నుంచీ పద్ధతి అదే. ఝాన్సీ రాణి మీద రాయాలనుకుని, గ్రంథాలయాల్లో దొరికింది చాలక, చుట్టాల దగ్గర డబ్బు అప్పు చేసి బుందేల్‌ఖండ్ వెళ్లింది. ఊళ్లలో ముసలివాళ్లు పాడే పాటలు, చెప్పే కథలు సేకరించి 1956లో పుస్తకం వేసింది. పుట్టింది 1926లో ఢాకాలో. తండ్రి మనీష్ ఘటక్ కవి. సినిమాలు తీసిన రిత్విక్ ఘటక్ ఆమెకు చిన్నాన్న. పెద్దింటి బిడ్డే, ఆ ఇంట్లో కూర్చుని రాసుకున్నా పేరు వచ్చేది.

మన కొండల పక్కన ఉండి 'ఎవరిదీ అడవి?' చదివితే వేరుగా తగులుతుంది. హైదరాబాదులో చదివేవాళ్లకు అది దూరపు కథ. మనకు కిటికీ తీస్తే కనబడే కొండ.

బరంపురం కుర్రాడు

ఆంటీ, నేను ఇక్కడ అందరికన్నా చిన్నవాడిని. ఇంట్లో తెలుగే గానీ చదువంతా ఒడియా, ఇంగ్లిష్. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, ఈ చర్చ చదవడానికే నాకు గంట పట్టింది. మాస్టారు చెప్పిన నవల నేను హిందీలో చదివాను, 'జంగల్ కే దావేదార్' పేరుతో. కాలేజీ హాస్టల్లో ఎవరో వదిలేసి వెళ్తే తీసుకున్నా.

'ద్రౌపది' కథ మాత్రం దయచేసి చదవండి. చాలా చిన్నది. సంథాల్ అమ్మాయి, వాళ్ల నోట్లో పేరు దోప్దీ. అడవిలో సైన్యం వాళ్లు పట్టుకుని రాత్రంతా పాడు చేస్తారు. పొద్దున్నే బట్ట కట్టుకుని ఆఫీసరు దగ్గరికి రమ్మంటే ఆమె కట్టుకోదు. అలాగే నడిచి వెళ్లి అతని ఎదుట నిలబడుతుంది. భారతంలో ద్రౌపదికి చీరలు ఇచ్చే దేవుడు ఉన్నాడు. ఈ దోప్దీకి ఎవరూ లేరు, అయినా భయపడేది ఆఫీసరే. చదివాక రెండు రోజులు నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను.

ఉప్పుమళ్లు (కాశీనగరం)

అందరూ నవలల గురించి చెప్పారు. నేను 'ఉప్పు' అనే ఒక్క కథ గురించి చెప్పాలి. మా ఇంటి కథ కూడా చెప్పాలి, ఎక్కడా చెప్పలేదు ఇంతవరకు.

కథ జార్ఖండ్‌లోని పలాము అడవి అంచున ఉన్న ఝుఝార్ అనే ఊళ్లో జరుగుతుంది. అక్కడి వ్యాపారి ఉత్తమ్‌చంద్‌కి ఊరంతా తరాలుగా వెట్టి చేస్తుంది. కుర్రాళ్లు కొందరు ఎదురు తిరిగి, పంటలో మా వాటా మాదే అంటారు. అతను కొట్టడు, తిట్టడు, ఇళ్లు తగలబెట్టడు. వాళ్లకు ఉప్పు అమ్మడం మానేస్తాడు. చుట్టుపక్కల సంతలో దుకాణాలన్నీ అతనివే. ఉప్పు లేని తిండితో మనుషులకు ఒంట్లో సత్తువ పోతుంది, ఆయాసం వస్తుంది. చివరికి ఏనుగులూ జింకలూ నాకడానికి అటవీ శాఖ వాళ్లు పోసే ఉప్పును దొంగిలిస్తారు. ఆ ఉప్పు తనదనుకునే ఒంటరి ఏనుగు వాళ్లను తొక్కి చంపుతుంది. ఇంత చవకైన ఉప్పు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏమిటని ఆఫీసర్లు ఆశ్చర్యపోతారు. వాళ్ల దృష్టిలో చచ్చిపోయినవాళ్లు దొంగలు.

మా ముత్తాత నౌపడా నుంచి ఉప్పు తెచ్చి అమ్మేవాడు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు నౌపడా నుంచే మొదలు కదా. ఉప్పుమళ్లు అక్కడ, కొండలు ఇక్కడ. బస్తాలు రైల్లో వచ్చేవి, ఇక్కడి నుంచి బండి మీద, బండి వెళ్లనిచోటికి కావిళ్ల మీద సంతలకు. సవరలు చింతపండు, పసుపు, కందులు, తేనె తెచ్చేవారు. ఉప్పుకు మారుపు. మా తాత ఈ సంగతులు మురిపెంగా చెప్పేవాడు. మా ఇంట్లో రెండు కుంచాలు ఉండేవట. కొనడానికి ఒకటి, అమ్మడానికి ఒకటి. పెద్ద కుంచంతో చింతపండు కొలిచి తీసుకోవడం, చిన్న కుంచంతో ఉప్పు కొలిచి ఇవ్వడం. 'సవరడికి లెక్క రాదు' అని నవ్వేవాడు తాత. మేమూ నవ్వేవాళ్లం. నాకప్పుడు ఎనిమిదేళ్లు.

మా ఇంటి పునాదిలో ఆ కుంచాల తేడా ఉంది. నన్ను చదివించిన డబ్బులో ఉంది. ఈ కథ చదివే దాకా, 54 ఏళ్ల వయసు దాకా, ఆ సంగతి నాకు తట్టలేదు. ఉప్పు తినని మనిషికి ఏమవుతుందో ఆమె డాక్టరు చెప్పినట్టు వివరంగా రాస్తుంది. రక్తం గురించీ గుండె గురించీ. ఏడుపు తెప్పించే మాట ఒక్కటి ఉండదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆ చిన్న కుంచం ఇప్పటికీ మా అటక మీద ఉంది. ఏం చేయాలో తెలియడం లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఉప్పుమళ్లు గారూ, మీరు ఇది రాయడానికి ఎంత కష్టపడ్డారో తెలుస్తోంది. మీరు చెప్పాక నాకూ ధైర్యం వచ్చింది.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఒక ఆఫీసు కౌంటరులో కూర్చున్నాను. ఏ ఆఫీసో వద్దు. కొండ మీది నుంచి వచ్చేవాళ్లు తెల్లారి మూడింటికి బయలుదేరి, పది గంటలకు లైన్లో ఉండేవారు. వేలిముద్రలు, ఫారం నింపడం, సాక్షి సంతకం. రద్దీగా ఉంటే ముందు పట్నంవాళ్ల పని చేసి పంపించేసి, వాళ్లను పక్కన కూర్చోమనేదాన్ని. వాళ్లు అరవరు కదా. అరిచేవాళ్ల పని ముందు. ఒకసారి ఒక ముసలామె సాయంత్రం దాకా కూర్చుంది. కౌంటరు మూసే వేళకు రేపు రమ్మన్నాను. తిరిగి వెళ్లే జీపు వెళ్లిపోయిందని ఆమె చెప్పింది, నేను వినిపించుకోలేదు. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుందో.

కసాయిదాన్ని కాను నేను. ఇంటికి ఎవరైనా వస్తే అన్నం పెట్టకుండా పంపను. అదే నాకు ఇప్పుడు భయం వేస్తున్నది. మహాశ్వేతాదేవి కథల్లో దుర్మార్గం చేసేవాళ్లు చాలామంది నాలాంటి వాళ్లే.

వంశధార ఒడ్డు

అందరూ ఒకే మాట మీద ఉన్నారు, నాది కాస్త వేరు. తప్పుగా అనుకోవద్దు.

ఆమె పని మీద నాకు గౌరవం ఉంది. కథలు మాత్రం చాలాచోట్ల రిపోర్టులా ఉంటాయి. ఎకరాలు, కూలి రేట్లు, చట్టాల పేర్లు, తేదీలు. కథలో తడి ఉండాలని అనుకునేవాడిని నేను. రెండోది. భర్త బిజన్ భట్టాచార్య నుంచి విడిపోయినప్పుడు చిన్న కొడుకును వదిలి వచ్చేసింది. కొడుకు శవం కోసం వెళ్లిన తల్లి కథ రాసిన మనిషి కన్నకొడుకుకు దూరంగా బతికింది. ఆ నవల చదువుతుంటే ఈ సంగతి నా మనసులోంచి పోలేదు.

అటక మీది పెట్టె (పర్లాకిమిడి)

నేను ఆ కోడలిని. అత్తయ్య ఇక్కడ రాస్తున్నారని నిన్ననే తెలిసింది. పెట్టె నాదే కాబట్టి ఈ పేరు పెట్టుకున్నాను.

వంశధార అన్నగారూ, మీరు చెప్పింది నిజమే. కొడుకు నవారుణ్ తండ్రి దగ్గరే పెరిగాడు. పెద్ద రచయిత అయ్యాడు, అతనికీ సాహిత్య అకాడమీ వచ్చింది. 2014లో తల్లికన్నా ముందే పోయాడు. ఆ ఎడబాటును ఆమె తేలిగ్గా తీసుకున్నదని నేను అనుకోను. 'ఒక తల్లి'లో సుజాతకు కొడుకు గురించి ఏమీ తెలియదు కదా, చచ్చిపోయాక ఇల్లిల్లూ తిరిగి తెలుసుకుంటుంది. కొడుకును వదిలి వచ్చిన తల్లి తప్ప ఆ వెతుకులాటను అలా రాయలేదేమో అనిపిస్తుంది నాకు.

ఇంకో మాట. రిత్విక్ ఘటక్ ఎన్ని అవస్థలు పడ్డాడో, ఎవరిని పట్టించుకోలేదో ఎవరూ లెక్క పెట్టరు. మగ రచయితలు భార్యాపిల్లల్ని వదిలేస్తే అది వాళ్ల జీవితచరిత్రలో ఒక వాక్యం. ఆమె విషయంలో మొదటి ప్రశ్నే అది. ఆమె సంసారం కోసం పడ్డ పాట్లు కూడా చెప్పుకోవాలి. భర్త కమ్యూనిస్టు అని అనుమానించి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలోంచి తీసేస్తే సబ్బులు అమ్మింది, ట్యూషన్లు చెప్పింది, పత్రికలకు కథలు రాసింది. తర్వాత 1964 నుంచి ఇరవై ఏళ్లు కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పింది.

అత్తయ్యా, ఆ ముసలామె సంగతి మీరు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

వంశధార ఒడ్డు

అమ్మా, మగవాళ్ల విషయంలో మీరు అన్నది ఒప్పుకుంటాను. నేను అలా ఆలోచించలేదు. రిపోర్టు అన్న మాట మీద మాత్రం నిలబడే ఉన్నాను, 'ఉప్పు' దొరికితే చదివి మళ్లీ చెబుతాను.

రైలు గార్డు (రాయగడ)

రిపోర్టులా ఉంటుందని అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆమె నిజంగానే రిపోర్టులు రాసింది. పలాములో వెట్టి చాకిరీ మీద, అడవి కాంట్రాక్టర్ల మీద, పేపర్లలో కాలమ్స్ రాసింది. కలెక్టర్లకు, మంత్రులకు ఆమె రాసిన అర్జీలకు లెక్క లేదు. బోరు వెయ్యలేదని ఒకటి, పట్టా ఇవ్వలేదని ఒకటి. 1980 నుంచి 'బర్తికా' అనే పత్రిక నడిపింది. అది తండ్రి నడిపిన చిన్న పత్రిక. ఈమె చేతికి వచ్చాక అందులో రైతుకూలీలు, రిక్షావాళ్లు, ఫ్యాక్టరీ కార్మికులు, ఆదివాసీలు వాళ్ల సంగతులు వాళ్లే రాసుకున్నారు. రాయడం రానివాళ్లు చెబితే ఇంకొకరు రాసిపెట్టేవారు.

నాకు ఆమె పేరు తెలిసింది బుధన్ శబర్ కేసు వల్ల. బెంగాలులోని పురూలియాలో ఖేరియా శబర్ తెగ యువకుడు, బుట్టలు అల్లుకునేవాడు. 1998 ఫిబ్రవరిలో దొంగతనం అనుమానంతో పట్టుకెళ్లారు, కస్టడీలో చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు. ఆమె శబరుల సంఘంతో కలిసి కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. మళ్లీ దర్యాప్తు చేయాలని, భార్యకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. అప్పటికి ఆమెకు 72 ఏళ్లు.

శబరుల మీద అనుమానం ఎందుకంటే 1871లో తెల్లవాళ్లు చేసిన నేరస్థ తెగల చట్టం. పుట్టుకతోనే దొంగ అని ముద్ర. మన తెలుగువాళ్లకు స్టూవర్టుపురం అంటే వెంటనే తెలుస్తుంది, అక్కడ ఎరుకలవాళ్లను సెటిల్‌మెంటులో పెట్టింది ఇలాంటి చట్టం కిందే. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు. భాషావేత్త గణేశ్ దేవీ, మరాఠీ రచయిత లక్ష్మణ్ గాయక్వాడ్‌లతో కలిసి దేశమంతా ఈ తెగల కోసం ఆమె తిరిగింది. అహ్మదాబాదులో ఛారా తెగ కుర్రాళ్లు బుధన్ పేరుతోనే నాటక బృందం పెట్టారు.

నడిగట్టు మామ్మ

నాకు 74. మనవరాలు టైపు చేస్తోంది, నేను చెబుతున్నాను. మా పుట్టిల్లు పార్వతీపురం. 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపినప్పుడు నేను చిన్నపిల్లని. తర్వాత మూడు నాలుగేళ్లు ఎలా గడిచాయో మా వయసువాళ్లకు తెలుసు. మా వీధిలో ఒక కుర్రాడు కొండెక్కాడు. మళ్లీ రాలేదు. వాళ్లమ్మ తలుపు గడియ పెట్టేది కాదు, రాత్రిపూట కూడా. ఇరవై ఏళ్లు పెట్టలేదు. ఆవిడ పోయాకే ఆ ఇంటికి గడియ పడింది.

ఆ కథ బెంగాలులో జరిగిందని చెబుతున్నారు గానీ నాకు అలా అనిపించలేదు. మనవరాలు ఒక తల్లి పుస్తకం చదివి వినిపిస్తానంది.

బరంపురం కుర్రాడు

మామ్మగారూ, నమస్కారం. మీరు చెప్పింది చదివి ఏం రాయాలో తెలియలేదు.

రైలు గార్డు అంకుల్, ఒక సందేహం. మా కాలేజీలో ఒకరు ఆమె చివర్లో అధికారంలోకి వచ్చినవాళ్ల పక్షాన చేరిందని అన్నారు. నిజమేనా?

రైలు గార్డు (రాయగడ)

బాబూ, పూర్తిగా చెబుతా. 2006–07లో సింగూరు, నందిగ్రామ్‌లలో రైతుల భూములు తీసుకోవడాన్ని ఆమె వ్యతిరేకించింది. అప్పుడు ఉన్నది వామపక్ష ప్రభుత్వం. ఆమె పెరిగింది, తిరిగింది వామపక్షం మనుషుల మధ్యే. 80 ఏళ్ల వయసులో సొంతవాళ్లనుకున్న వాళ్లకే ఎదురు నిలబడింది. 2011లో ప్రభుత్వం మారింది. కొత్తగా వచ్చినవాళ్లు రావాలని కోరుకున్నవాళ్లలో ఆమె ఉంది. కానీ పౌరహక్కుల సంఘం సభకు అనుమతి ఇవ్వకపోతే, ఆ ఏడాదే వాళ్లనూ గట్టిగా తప్పుపట్టింది. ఆ తర్వాత మళ్లీ వాళ్లకు దగ్గరగా కూడా మెలిగింది. నాకు అది నచ్చలేదు. నచ్చలేదని చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి చెబుతున్నా.

కొండగాలి (గుమ్మ)

ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నాను. నేను సవరను. ఊరు గుమ్మ దగ్గర కొండ మీద. చదువు సీతంపేట వైపు హాస్టల్లో, అందుకే తెలుగు. ఇప్పుడు చిన్న పిల్లలకు పాఠాలు చెబుతున్నాను.

ముందు ఒక సవరణ. పురూలియా ఖేరియా శబరులు, మేము ఒకటి కాదు. పేరు దగ్గరగా ఉంది, భాష వేరు, బతుకు వేరు. బిర్సా మాట్లాడిన ముండారి మాత్రం మా సవర భాషకు చుట్టం. రెండూ ముండా కుటుంబం భాషలే. 'ఎవరిదీ అడవి?' చదివినప్పుడు అందులోని కొన్ని మాటలు నాకు మా అవ్వ నోట విన్నట్టు అనిపించాయి.

ఆమె మీద నాకున్న ప్రేమకు కారణం కథలకన్నా 'బర్తికా' పత్రిక. మా గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. మా ఇళ్ల గోడల మీద బొమ్మల గురించి, మా దేవతల గురించి విదేశాల నుంచి వచ్చి రాశారు. నువ్వే రాయి అని కలం చేతికి ఇచ్చినవాళ్లు తక్కువ. 1936లో మంగేయి గమాంగో గారు మా భాషకు సొంత లిపి తయారుచేశారు, గుణుపురం వైపువారే. ఆ పేరు ఈ చర్చలో ఉన్నవాళ్లలో ఎంతమంది విన్నారో చెప్పండి. పక్క కొండే.

కుంచాల సంగతి రాసిన అన్నకు. మా తాత 'సవరడికి లెక్క రాదు' అన్న మాట విన్నాడు, మాకూ చెప్పాడు. లెక్క వచ్చు. రెండు కుంచాలు ఉన్నాయని మావాళ్లకు తెలుసు. ఉప్పు ఇంకెక్కడా దొరకదని కూడా తెలుసు. ఆ కుంచం పారేయవద్దు. మా బడికి ఇస్తే పిల్లలకు కొలతల పాఠం దానితోనే చెబుతాను.

అమ్మగారికి ఒక మాట. మీరు కౌంటరు గురించి రాశారు, అది రాయడం మంచిదైంది. మా అమ్మకు 70 ఏళ్లు. గురువారం సంతలో కొండచీపుర్లు, అడ్డాకులు అమ్ముతుంది. పదేళ్ల పిల్లాడు కూడా ఆమెను 'ఎంతకిస్తావు, నువ్వు' అంటాడు. పక్కనే ఉల్లిపాయలు అమ్మే పట్నం ఆవిడను 'ఎంతండీ' అంటాడు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నన్ను కూడా ప్యాంటూ చొక్కా వేసుకున్నాకే 'మీరు' అన్నారు. పుస్తకం చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఆ కన్నీళ్లు నిజమైనవే. సంతలో మాత్రం మాట మారలేదు.

గుణుపురం మాస్టారు

కొండగాలి గారూ, మంగేయి గమాంగో పేరు నేను విన్నాను. ఊళ్లో ఉండి కూడా పిల్లలకు ఒక్కసారి చెప్పలేదు. అది నా తప్పు.

అదే 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు రాగానే, గిడుగు రామమూర్తి పంతులుగారు ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు 70 దాటాయి. సవర నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి, మలేరియా తగిలి, క్వినైన్ వాడి చెవులు పోగొట్టుకున్నారు. సవరల బడుల కోసం సొంత డబ్బు పెట్టారు. వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. చివరి దాకా పండితులతో తగువు పెట్టుకుంటూనే ఉన్నారు, తెలుగు జనం మాట్లాడినట్టే రాయాలని. మహాశ్వేతాదేవి గురించి ఆలోచిస్తుంటే పదే పదే నాకు ఆయనే గుర్తుకొస్తున్నారు. ఆయన జయంతికి దండలు వేస్తాం, వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలు ఇస్తాం. సవర సంగతి ఒక ముక్కలో ముగించేస్తాం.

ఉప్పుమళ్లు (కాశీనగరం)

కుంచం ఇస్తాను. నేనే తెచ్చి ఇస్తాను, బడి ఎక్కడో చెప్పండి. పిల్లల ముందు ఆ రెండు కుంచాల కథ నా నోటితో చెప్పనిస్తారా?

కొండగాలి (గుమ్మ)

రండి. వాన తగ్గాక రండి, ఇప్పుడు వాగు దాటడం కష్టం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మూడు రోజులు ఏమీ రాయలేకపోయాను. నిన్న గురువారం సంతకు వెళ్లాను. ఎప్పుడూ కొనే ఆమె దగ్గరే అడ్డాకులు తీసుకున్నాను. "ఎంతకిస్తారండీ" అన్నాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది, నేను ఇంకెవరితోనో అంటున్నానని. మళ్లీ అడిగాను. ఆమె ధర చెప్పలేదు, నా మొహం కేసి చూస్తూ ఉండిపోయింది. ఏదైనా కాగితం పని మీద వచ్చానా అని భయపడినట్టుంది. పక్కనామె సవరలో ఏదో చెప్పాక కట్ట చేతిలో పెట్టింది. ఇన్నేళ్లూ ఒక్క 'అండీ' కూడా అనలేదు నేను, ఆమెకు అది వింతగా ఉండక ఏం చేస్తుంది.

కొండగాలి గారూ, ఆమె మీ అమ్మగారేనేమో నాకు తెలియదు. ఎడమ చేతికి రెండు ఇత్తడి కడియాలు, కుడి కంటిలో పొర ఉంది.

కొండగాలి (గుమ్మ)

మా అమ్మ కాదండీ. మా అమ్మ చింతచెట్టు కింద కూర్చుంటుంది. మీరు చెప్పిన ఆమె మా పిన్ని వరస. కంటి ఆపరేషన్‌కు తీసుకెళ్తామంటే భయపడుతోంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మావారికి రెండు కళ్లకూ అయింది, పావుగంట పని. ఆయన్నే తీసుకొస్తాను వచ్చే గురువారం, ఆయన కళ్లు చూపించి చెబుతారు. ఆమెతో ఏమని మాట్లాడాలో మీరు సవరలో నాలుగు మాటలు రాసి పెట్టండి, తెలుగు అక్షరాల్లో.

అటక మీది పెట్టె (పర్లాకిమిడి)

పెట్టెలో 'ఎవరిదీ అడవి?' కూడా ఉంది. ముందు వంశధార అన్నగారికి పంపిస్తున్నాను. ఎల్లుండి మా తమ్ముడు గుణుపురం పాసింజరుకు వెళ్తున్నాడు, స్టేషనులో మాస్టారికి ఇస్తాడు. మాస్టారి దగ్గర నుంచి తీసుకోండి అన్నగారూ. అట్ట కాస్త చిరిగింది, జాగ్రత్త. మీ తర్వాత నడిగట్టు మామ్మగారి మనవరాలికి.

వంశధార ఒడ్డు

సరేనమ్మా. పది రోజుల్లో ముగిస్తాను.